పొలోనా మెడలో ఉంగరం

నా చేతులకేసి అలా దొంగచూపులు చూడక్కర్లేదు తిల్కా, అడగాలనుంటే అడిగెయ్. పాదరసం గనిలో చేశావా తాతా అంటావు, అంతేగా. చెయ్యలేదు. మా తాత చేశాడు, మా నాన్న చేశాడు, మా అన్నలిద్దరూ చేశారు. నేను మాత్రం గుళ్ళో గంట కొట్టుకుంటూ బతికా. ఇది ఉత్త ముసలి వణుకు, ఎనభై రెండేళ్ళొచ్చాక ఏ కొమ్మైనా ఊగుతుంది. పాదరసం వణుకు ఇలా ఉండదు. చెయ్యి ఒళ్ళో పెట్టుక్కూచుంటే బాగానే ఉన్నట్టుంటుంది. దేన్నైనా అందుకుందామని చాపావా, అప్పుడు మొదలు. చెంచా దగ్గరికి పోయేకొద్దీ ఎక్కువ, చెంచా నోటి దగ్గరికి వచ్చేకొద్దీ మరీ ఎక్కువ. మా నాన్నకి పులుసు సగం గడ్డానికే పోయేది. గ్లాసు తాగాలంటే ఆయనకో ఉపాయం ఉండేది. తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని, ఒక కొస గ్లాసు పట్టుకున్న చేతికి చుట్టుకుని, రెండో కొస పట్టుకుని లాగేవాడు. గ్లాసు అలా అలా పైకొచ్చేది. మా అమ్మ చూసి, "తోడుకో మహానుభావా తోడుకో, బావి ఎండిపోదులే" అనేది. ఆయనా నవ్వేవాడు, మేమూ నవ్వేవాళ్ళం. నవ్వక ఏం చేస్తాం చెప్పు. ఈ ఊళ్ళో వణికే మగాణ్ణి ఎవరూ ఎగతాళి చేసేవాళ్ళు కాదు. గుళ్ళోకొస్తే లేచి ముందు బల్ల మీద చోటిచ్చేవాళ్ళు. బట్టీ మనిషి, పాపం, అని.

అయితే వణికే చేతులంటే నాకు కళ్ళముందుకొచ్చేది మా నాన్న కాదు. పొలోనక్క. నీకు తెలీదు, మీ అమ్మకీ తెలీదు, మీ అమ్మమ్మకి బాగా తెలుసు. లోవ్రో పెళ్ళాం. నది పక్క వీధిలో మూడో ఇల్లు, ఇప్పుడక్కడ సైకిళ్ళు బాగుచేస్తున్నారే, అదే. మన ఊళ్ళో మగాడు గనికీ ఆడది లేసు అల్లే దిండు దగ్గరికీ పోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే, కానీ పొలోనక్క దిండు ముందు కూచుందంటే దారం చుట్టిన ఆ చెక్క కండెల చప్పుడికి వీధిలో పోయేవాడు ఆగి వినేవాడు. నలభై జతల కండెలు. ఏది ఎటు దూరి ఎటు వచ్చిందో కంటికి ఆనేది కాదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, కొత్తగా గుడి తాళాలు చేతికొచ్చాయి, పెద్దమనిషినైపోయాననుకుంటున్నా. ఒకసారి కిటికీ దగ్గర నిలబడి, "చూడకుండా ఎలా తెలుస్తుందక్కా" అనడిగా. "జపమాల పూసలు నువ్వు చూసి తిప్పుతావట్రా?" అంది. తలెత్తలేదు కూడా. లోవ్రో మనిషి ఇంత. గుమ్మం దగ్గర వంగితే గాని లోపలికి రాడు. గుళ్ళో పాడితే కిటికీ అద్దాలు అదిరేవి. బాగా పాడేవాడని కాదు, గట్టిగా పాడేవాడు. "లోవ్రో, దేవుడికి చెవుడు లేదు నాయనా" అనేవారు ఫాదర్ గారు. ఇటలీ వాళ్ళ ఏలుబడి అది. బడిలో మన భాష లేదు, కచేరీలో లేదు, గుళ్ళో ఒక్కటే మిగిలింది. అందుకని లోవ్రో అంత గట్టిగా పాడేవాడేమో అని ఇప్పుడనిపిస్తుంది.

అతనిది బట్టీ పని. గనిలోంచి తెచ్చిన ఎర్ర రాయిని బట్టీలో కాలిస్తే పాదరసం ఆవిరైపోయి గొట్టాల్లోకి వెళ్తుంది, చల్లబడి కిందికి జారుతుంది. గొట్టాల గోడలకి మసి పడుతుంది. ఆ మసి నిండా పాదరసమే, వేలితో నొక్కితే చిట్టి చిట్టి ముత్యాల్లా బయటికొస్తుంది. లోపలికి దూరి ఆ మసి గీకాలి. ఏ మగాడూ ఏడాది పొడుగునా ఆ పని చెయ్యలేడు, అందుకని వంతులు. కొన్ని వారాలు బట్టీలో, కొన్ని వారాలు పైన అడవిలో దుంగలు కొట్టడం. అడవిలో చెమటోడిస్తే విషం దిగిపోతుందని మా తాతల నాటి మాట. కొంత దిగేది కూడా. నెలకోసారి డాక్టరు మగాళ్ళని వరసగా నిలబెట్టి చేతులు చాపమనేవాడు, పుస్తకంలో పేరు రాయమనేవాడు. అక్షరం వంకరపోయిందా, వాడు అడవికి. ఇంకో ఆనవాయితీ ఉండేది, ఇది ఇంకెక్కడా ఉండదు. బట్టీ వంతు మొదలయ్యే ముందు ఆదివారం, పూజ అయ్యాక, గుడి మెట్ల మీద నిలబడి మగాడు తన పెళ్ళి ఉంగరం తీసి పెళ్ళాం చేతిలో పెట్టేవాడు. పాదరసానికి బంగారమంటే పిచ్చి. ఎక్కడున్నా పట్టేసుకుంటుంది, పచ్చటి ఉంగరం తగరంలా తెల్లబడిపోతుంది, ఇంకొన్నాళ్ళకి పుటుక్కుమంటుంది. అందుకని వంతు అయ్యేదాకా అది పెళ్ళాం దగ్గర, దారానికి కట్టి మెడలో. ఎవరి మెడలో దారం కనిపిస్తే వాళ్ళాయన బట్టీలో ఉన్నట్టు. "ఏమ్మా, మీ ఆయన మెడలో ఉన్నాడా, అడవిలో ఉన్నాడా?" అని బజార్లో పలకరించుకునేవాళ్ళు. ఆ దారం చూస్తే నాకు మాత్రం మెడలో శిలువే గుర్తొచ్చేది. భర్తని మోయడమంటే ఇదే కాబోలు అనుకునేవాణ్ణి. పెళ్ళికాని వాడి తెలివి.

సరే. ఆ ఏడు చలి మామూలు చలి కాదు. గంట తాడు బిగుసుకుపోయి కట్టెలా నిలబడింది, నమ్మితే నమ్ము. పునీత బార్బరమ్మ పండగ నాటికే లోవ్రో బట్టీలోకి దిగాడు. అతని జతగాడికి కాలు విరిగితే ఆ వంతూ ఇతనే నెత్తినేసుకున్నాడు. అంటే డిసెంబరు నుంచి మార్చి చివరిదాకా. మసి బట్టలు వేసవైతే ఆడవాళ్ళు నది ఒడ్డున రాతి తొట్టి దగ్గర ఉతికేవాళ్ళు. చలికాలం తొట్టి గడ్డ కట్టేది, వంటింట్లోనే. పొయ్యి మీద గంగాళంలో ఉడకేసి, పిండి, పొయ్యి పైనే కర్రకి ఆరేసేవాళ్ళు. గుమ్మం కింద సందులో గోనెగుడ్డ దోపేవాళ్ళు, చలిగాలి రాకుండా. ఇంట్లో వెచ్చటి చోటు పొయ్యి పక్క, వెలుతురున్న చోటూ అదే, పొలోనక్క దిండు కూడా అక్కడే. ఫాదర్ గారు ఆ ఏడు ఆమెకో పని అప్పజెప్పారు. గని నోటి దగ్గర త్రిత్వ దేవుడి చిన్న గుడి ఉందే, మగాళ్ళు దిగేముందు సిలువ వేసుకునే చోటు, ఆ పీఠానికి లేసు గుడ్డ. జూన్‌లో త్రిత్వ పండగకి సిద్ధం కావాలి. ఈ ఊళ్ళో లేసు అల్లే ఆడదానికి అంతకన్నా పెద్ద గౌరవం లేదు. యొహాంకా అని ఇంకో పనిమంతురాలుండేది, ఆవిడ మూడు రోజులు అన్నం మానేసిందని చెప్పుకున్నారు. మానేసిన మనిషిలా ఏమీ కనిపించలేదు గాని.

ఇప్పుడు నా సంగతి. ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకున్నదే, దేవుడు ఎప్పుడో మన్నించి ఉంటాడు, నీకు చెప్తే తప్పు లేదు. ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండగ. అందరి చేతుల్లో వెలిగించిన కొవ్వొత్తులు. పొలోనక్క చేతిలోది నిలవట్లేదు. మంట అటూ ఇటూ ఊగుతోంది, మైనం చుక్కలు ముందున్న యొహాంకా శాలువా మీద పడుతున్నాయి. యొహాంకా వెనక్కి తిరిగి చూసిన చూపుకి మంట ఆరిపోవాల్సింది. పూజ అయ్యాక కొవ్వొత్తులు పోగుచేసేది నేనే. పొలోనక్క దగ్గరికెళ్ళా. నోటి దగ్గర గెరుష్ వాసన. చేదాకు నానేసిన సారా, మీ తాత కడుపునొప్పికని తాగేవాడు, అదే. దాని వెనక ఇంకేదో వాసన, కుళ్ళు వాసన. నా కళ్ళలోకి చూళ్ళేదు. కొవ్వొత్తి నా చేతిలో పడేసి ఉరికినట్టు వెళ్ళిపోయింది. నేను గుడి సామాన్ల గదిలోకెళ్ళి, "ఫాదర్, పొలోనక్క తాగుతోంది" అన్నా. అంతే. మూడు మాటలు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. సరే, అదీ చెప్పేస్తా, యొహాంకాకి కూడా చెప్పా. వినేవాళ్ళుంటే నాకు నోరు ఆగదు, చూస్తూనే ఉన్నావుగా. యొహాంకా గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది: "నేననుకుంటూనే ఉన్నా నాయనా. మొన్న ఉప్పుకెళ్తే తలుపు వెనక దాక్కుంది. నిన్నగాక మొన్న ఆడబిడ్డ మీదికి కండె విసిరిందట. తాగినమ్మ లక్షణాలు కావూ ఇవి?"

చూడు, ఇది ఆలోచించు తల్లీ. పాదరసం చేతుల్నే కాదు, మనసుని కూడా వణికిస్తుంది. మనుషులంటే బెదురు, ఊరికే కోపం, ఊరికే కన్నీళ్ళు. మా నాన్న చుట్టాలొస్తే పొయ్యి వెనక్కెళ్ళి నక్కేవాడు. ఊరంతా చూసింది, ఊరంతా "పాపం, బట్టీ మనిషి" అంది. అదే వణుకు, అదే బెదురు ఒక ఆడదానిలో చూసి, మాలో ఒక్కడికి, ఒక్కడికైనా, ఆ మాట తట్టలేదు. ఆడది బట్టీలోకి పోదు కదా. కాబట్టి తాగుతోంది. మూడొందల ఏళ్ళుగా వణుకు చూస్తున్న ఊరు.

ఫాదర్ గారు మంచివారు. కానీ పీఠం గుడ్డ, పండగ, నలుగురి నోళ్ళు. మిగతా పని యొహాంకాకి ఇమ్మన్నారు. సగం అల్లిన గుడ్డ ఉన్న దిండు తేవడానికి యొహాంకా వెళ్ళింది, మొయ్యడానికి నేను. కండెలు చిక్కుపడకుండా గుడ్డపేలికతో జత జతనీ కట్టాలి కదా, అది పొలోనక్కే కట్టింది. ఒక్కో ముడికి ఎంతసేపు పట్టిందో. వేళ్ళు దారం దగ్గరికెళ్ళి, తప్పిపోయి, మళ్ళీ వెళ్ళి. నేను కప్పుకేసి చూస్తూ నిలబడ్డా. కప్పు కింద లోవ్రో చొక్కాలు ఆరుతున్నాయి. వాటికేసే చూస్తూ నిలబడ్డా తిల్కా, తెలుసా. బయటికొచ్చాక యొహాంకా, "చూశావా ఆ చేతులు" అంది.

మార్చి చివర్లో లోవ్రో వంతు అయిపోయింది. మట్టలాదివారానికి ముందు ఆదివారం గుడి మెట్ల మీద మగాళ్ళందరూ ఉంగరాలు తిరిగి తొడుక్కుంటున్నారు. లోవ్రో ఒక్కడూ నిలబడి ఉన్నాడు, పెళ్ళాం రాలేదు. ఇంటికెళ్ళి ఉంగరమేదంటే పోయిందంది. ఎక్కడ పోయిందంటే ఏడుపు. గోడ అవతలివాళ్ళు విన్నారు, సాయంత్రానికి ఊరంతా "తాగుడికి అమ్మేసింది" అన్నారు. మర్నాడు పొద్దున్నే లోవ్రో సామాన్ల గదిలోకొచ్చాడు. ఫాదర్ గారు పూజ బట్టలు వేసుకుంటున్నారు, నేను వెనక ముడి కడుతున్నా. వచ్చి బల్ల మీద రెండు ఉంగరాలు పెట్టాడు. రెండూ తెల్లగా ఉన్నాయి. పాత తగరపు చెంచాల్లా. "ఇది దానిది ఫాదర్" అన్నాడు. "మసి బట్టలు ఉతికిన చెయ్యి, తెల్లబడిందంటే సరేననుకోవచ్చు. ఇది నాది. నాలుగు నెలలూ దాని మెడలో, రవిక లోపల ఉంది. బట్టీకి రాలేదు, గనికి రాలేదు, గంగాళంలో మునగలేదు. మరి ఇదెలా తెల్లబడింది?" ఫాదర్ గారు కూచున్నారు. లోవ్రో నెమ్మదిగా మాట్లాడ్డం అదే మొదటిసారి విన్నా. "నోరంతా పుళ్ళు ఫాదర్. చిగుళ్ళు నెత్తురోడుతున్నాయి. కంపు కొడుతుందని సిగ్గుపడి గెరుష్‌తో పుక్కిలిస్తోంది. మింగట్లేదు, ఉమ్మేస్తోంది. ఉంగరం ఎందుకు దాచిందో తెలుసా? మీరు దీవించిన ఉంగరం చెడితే పెళ్ళి కూడా చెడినట్టేనేమోనని. మిమ్మల్నడగడానికి భయపడింది. తాగుబోతని మీరే అన్నారట కదా." ఆయన అనలేదు. అన్నవాణ్ణి నేను, పక్కనే ముడి పట్టుకుని నిలబడున్నా.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు మంచివాడే, పుస్తకం తిరగేసి, నా పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లు లేవయ్యా అన్నాడట. "మగాడికి వంతుంది. కొన్ని వారాలు విషం మింగితే కొన్ని వారాలు అడవి. దానికి వంతేదయ్యా?" అన్నాడట లోవ్రో. ఎవరూ ఇవ్వకపోతే నేనే ఇస్తానని, పెళ్ళాన్ని బండిలో కూచోబెట్టి పైన కొండమీద తన అక్క పొలానికి తీసుకెళ్ళిపోయాడు. ఫాదర్ గారు ఆ రోజు నన్ను పిలిచి, "యాకోబూ, నువ్వొక మాట తెచ్చి నా చెవిలో వేశావు. అది నాకొద్దు. ఎక్కడెక్కడ పంచావో అక్కడక్కడికీ వెళ్ళి తిరిగి తెచ్చుకో" అన్నారు. ఆయన కూడా తన వంతు మాట వెనక్కి తీసుకున్నారులే, ఈస్టరు నాడు పీఠం ముందు నిలబడి, పొలోనా విషయంలో నేను తొందరపడ్డాను అన్నారు. నా పేరెత్తలేదు. ఎత్తితే బాగుండేది. ఏప్రిల్ వెళ్ళింది, మే వెళ్ళింది, నేను రోజూ మూడు పూటలా గంట కొట్టా, కొండెక్కలేదు. కాళ్ళు నొప్పని చెప్పుకున్నా. ఇరవై ఏళ్ళ కాళ్ళు.

బాగైందా అంటావా. బాగైంది, లేసుకి తప్ప. నవంబర్లో సర్వ పునీతుల పండగ దాటాక దిగొచ్చింది, నోరు మానింది, మనిషిని చూసి నవ్వేది, కానీ వేళ్ళు గుండుసూది పట్టుకోలేకపోయాయి. అప్పుడు వీధిలో పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని నేర్పడం మొదలెట్టింది. తన చేతులు రెండూ కొంగు కింద పెట్టుకునేది. నోటితోనే: "దాటించు, తిప్పు, ఎడమ జత వదిలెయ్, ఇప్పుడు సూది." మీ అమ్మమ్మ అక్కడే నేర్చుకుంది. యుద్ధం రెండో చలికాలంలో ఊపిరితిత్తులకి జబ్బుచేసి పోయింది. గంట నేనే కొట్టా. సరే, అది తర్వాత. ముందు జరిగింది చెప్పనీ, దాటేస్తున్నాననుకుంటావు.

త్రిత్వ పండగకి నాలుగు రోజులుందనగా ఎక్కా. ఏం చెప్పాలో దారంతా వల్లెవేసుకున్నా, లాటిన్ కూడా కలిపా కొంచెం, ఏం సిగ్గో. లోవ్రో అడవిలో ఉన్నాడు, వాళ్ళక్క గడ్డి కోస్తోంది, ఇంటి తలుపు ఓరగా వేసుంది. నా గొంతు వినగానే లోపల పీట జరిగిన చప్పుడు, తలుపు వెనక్కి వచ్చి నిలబడింది. కనిపించదు, ఊపిరి వినిపిస్తుంది. నేను నేర్చుకొచ్చినదంతా తలుపుకి చెప్పా. అక్కా తప్పైపోయింది, చూడకుండా అన్నాను, దేవుడి ముందు అన్నాను, ఇంకా ఏవేవో. అయిపోయింది. లోపలికి వెళ్ళిపోయిందేమో అనుకున్నా. అప్పుడు సందులోంచి చెయ్యి బయటికొచ్చింది. అరచెయ్యి కిందికి, వేళ్ళు విడదీసి, డాక్టరు ముందు మగాళ్ళు చాపుతారే, అలా. వణుకుతోంది. పొమ్మంటోందనుకుని రెండడుగులు వెనక్కి వేశా. "ఎక్కడికి? చూడు" అంది. చూశా. "రెండు నెలలైంది. పాలు తప్ప నోట్లో ఏదీ పోయలేదు. దగ్గరికొచ్చి వాసన చూసి చెప్పరా యాకోబూ, తాగానా?" నేను మోకాళ్ళ మీద కూచున్నా. లేదక్కా అన్నా. "నాకెందుకు చెప్తావు, నాకు తెలీదా? కిందికెళ్ళి చెప్పు" అంది. తలుపు వేసేసింది.

దిగొచ్చా. ఇంటికి పోతే మళ్ళీ ధైర్యం చాలదని తిన్నగా నది ఒడ్డుకే పోయా. పండగ ముందు కదా, రాతి తొట్టి చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు ఉతుకుతున్నారు. యొహాంకా ఉంది, సిల్కా అని కొత్తగా పెళ్ళైన పిల్ల ఉంది. జీవితంలో అంతమంది నా మాట వినడానికి ఆగడం అదే మొదటిసారి. ఎలాగో చెప్పా. తాగుతోందన్నది నేను, తాగలేదు, అది పాదరసం, పొయ్యి మీద ఆరేసిన బట్టల్లోంచి, పొయ్యి పక్కన కూచున్న మనిషికి. లోవ్రో ఉంగరం సంగతి చెప్పా, నోట్లో పుళ్ళ సంగతి చెప్పా. "ఆ వణుకేదో నీ నాలుకకి రావాల్సింది" అంది యొహాంకా. నిజమే అన్నా. నవ్వుతారనుకున్నా. ఎవరూ నవ్వలేదు. సిల్కా, "పుళ్ళంటే ఎలాంటి పుళ్ళు? చిగుళ్ళ మీదా, బుగ్గ లోపలా?" అనడిగింది. రెండు చోట్లా అన్నా. ఆ పిల్ల నీళ్ళలోంచి చేతులు తీసింది. కొంగుకి తుడుచుకుని ముందుకి చాపింది. అది చూసి పక్కావిడ చాపింది. తర్వాత ఇంకొకావిడ. యొహాంకా అందరికన్నా ఆలస్యంగా తీసింది. అందరూ అలా చాపుకుని నిలబడి ఎవరి చేతులు వాళ్ళు చూసుకుంటున్నారు, నీళ్ళ చుక్కలు కారుతున్నాయి వేళ్ళ కొసల్నించి. కొన్ని నిలకడగా ఉన్నాయి. కొన్ని లేవు. "చన్నీళ్ళు" అంది యొహాంకా. "చన్నీళ్ళకే ఇలా" అంది ఇంకోసారి.

జూన్ నెల తల్లీ. తొట్టి రాయి మీద చెయ్యి పెడితే కాలుతోంది.

ఊఁ. లే, లే. ఆ తలుపు దగ్గరికెయ్యి, కోళ్ళు లోపలికొస్తాయి.